విశ్వాసి, శిష్యుడు: పాస్కా కాలపు కతోలిక ధ్యానాల్లో రెండు పదాల నడక

తెలుగు కతోలిక సమాజపు వాడుకలో విశ్వాసి అన్న మాట అందరిది, శిష్యుడు అన్న మాట కొందరిది. విచారణలోని జనమంతా విశ్వాసులు. శిష్యులనగానే స్ఫురించేది పన్నిద్దరు, లేదా ఆ పన్నిద్దరి తోవలో గురుపట్టం పొందినవారు, కన్యాస్త్రీలు. ప్రొటెస్టెంటు సంఘాలు పాస్టరు, బోధకుడు అనే చోట కతోలికులు గురువు అంటారు. గురుత్వం, గురుపట్టాభిషేకం, విచారణ గురువు, గురుశ్రీ అన్న మాటలన్నీ ఆ పదం చుట్టూ అల్లుకున్నవే. గురువు అన్న పదం ఇలా ఒక పదవికి స్థిరపడ్డాక, దానికి జంటగా ఉండవలసిన శిష్యుడు సామాన్యుడి నుంచి దూరం జరిగాడు. గురువుగారి ఎదుట కూర్చున్నవాడు శిష్యుడు కాలేదు, విశ్వాసి అయ్యాడు.

ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి పాస్కా కాలపు ధ్యానాలకన్న తగిన చోటు లేదు. పునరుత్థాన ఆదివారం మొదలు పెంతెకోస్తు వరకు నడిచే ఆ 50 రోజుల పఠనాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: చూసినవాళ్లు ఎలా నమ్మారు, చూడనివాళ్లు ఎలా అనుసరించాలి? మొదటి సగం విశ్వాసానికి సంబంధించినది, రెండో సగం శిష్యత్వానికి. ప్రసంగకర్త ఈ రెండు సగాలను కలుపుతాడా, విడదీస్తాడా అన్నదాని మీద వినేవాడి స్థానం ఆధారపడుతుంది. తెలుగు విమర్శలో క్రైస్తవ సాహిత్యమంటే చర్చ ఎక్కువగా కావ్యాల మీదనే సాగింది. మంగళగిరి ఆనందకవి ‘వేదాంతరసాయనం’, 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన జాషువ ‘క్రీస్తుచరిత్ర’ అందుకు ఉదాహరణలు. ఆదివారం ఆదివారం గుడిలో వినిపించే ప్రసంగం, దానికి లిఖితరూపమైన ధ్యానం కూడ వాఙ్మయమేనని, వాటికీ నిర్మాణం, సంప్రదాయం, పదసంపద ఉన్నాయని గుర్తిస్తే పరిశీలించవలసింది చాలా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రక్రియకు మూలమైన పఠనక్రమాన్ని, దాని మీద వెలువడిన కొన్ని ప్రసిద్ధ ధ్యానాలను, తెలుగు పదాల వెలుగులో చదివే ప్రయత్నం.

ధ్యానం ఒక ప్రక్రియగా

పాస్కా ధ్యానం పుట్టుక జ్ఞానస్నానంతో ముడిపడింది. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం పొందినవారికి, ఆ తరువాతి ఎనిమిది రోజులు పీఠాధిపతి తానే వచ్చి, వారు అప్పటికే అనుభవించిన సంస్కారాల అర్థాన్ని విప్పి చెప్పేవాడు. ముందు అనుభవం, తరువాత వివరణ. 4వ శతాబ్ది చివర యెరూషలేము యాత్ర చేసిన ఎగేరియా అనే స్త్రీ తన యాత్రాకథనంలో ఈ ప్రసంగాలను వర్ణించింది. పీఠాధిపతి మాటలు విన్న కొత్త క్రైస్తవుల హర్షధ్వానాలు గుడి బయటికి కూడ వినపడేవట. పీఠాధిపతి గ్రీకులోనే మాట్లాడేవాడనీ, పక్కన ఒక గురువు నిలబడి దాన్ని సిరియా భాషలోకి మార్చి చెప్పేవాడనీ, ఆ రెండూ రాని లాటిను వారికి తెలిసిన సోదరసోదరీలు వివరించేవారనీ ఆమె రాసింది. అంటే ఈ ప్రక్రియ పుట్టుకతోనే అనువాద ప్రక్రియ. పాస్కా ధ్యానానికి ఒక మూలభాష, మిగిలినవి నకళ్లు అన్న భావనకు ఎగేరియా కథనంలో తావు తక్కువ.

ఇప్పటి ధ్యానాలకు చట్రం 20వ శతాబ్దిది. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన దైవార్చన పత్రం ప్రసంగాన్ని పూజలో అంతర్భాగంగా నిర్వచించి, బైబిలు పఠనాలు మరింత విస్తృతం కావాలని కోరింది. దాని ఫలితం 1969 నాటి పఠనక్రమం. ఆదివారాలకు ఎ, బి, సి అనే మూడేళ్ల ఆవృత్తి ఏర్పడింది. పాస్కా కాలంలో ఈ క్రమం ఒక విశేషం చేసింది. మిగిలిన ఏడాదంతా మొదటి పఠనం పూర్వనిబంధన నుంచి వస్తే, ఈ ఏడు వారాలు అది అపోస్తలుల కార్యాల నుంచి వస్తుంది. సువిశేషం ఎక్కువగా యోహానుది. రెండో పఠనం ఎ సంవత్సరంలో పేతురు మొదటి లేఖ, బి లో యోహాను మొదటి లేఖ, సి లో దర్శనగ్రంథం. ఈ ఆదివారాలను ‘పాస్కా తరువాతి ఆదివారాలు’ అని పిలిచే పాత పద్ధతి పోయి ‘పాస్కా కాలపు ఆదివారాలు’ అన్న వ్యవహారం వచ్చింది. 50 రోజులూ ఒకే పండుగ అన్న భావం ఆ విభక్తి మార్పులో ఉంది.

కథాకాలం దృష్ట్యా ఈ క్రమంలో ఒక వింత ఉంది. మొదటి మూడు ఆదివారాలు పునరుత్థానం తరువాతి దర్శనాలు చదువుతారు. నాలుగో ఆదివారం మంచి కాపరి. ఐదు, ఆరు ఆదివారాల్లో యోహాను 13 నుంచి 15 అధ్యాయాలు, ఏడో ఆదివారం 17వ అధ్యాయం వస్తాయి. ఇవి సిలువకు ముందురాత్రి మాటలు. కథలో ముందు జరిగింది పూజలో వెనక వినిపిస్తుంది. పోయేవాడు చెప్పిన వీడ్కోలు మాటలను, తిరిగి వచ్చినవాడి మాటలుగా వినమని పఠనక్రమం అడుగుతోంది. ఆ రాత్రి శిష్యులకు అర్థం కానిది, ఇప్పుడు గుడిలో కూర్చున్నవారికి అర్థం కావాలి. ఈ తలకిందుల అమరికను పట్టించుకునే ధ్యానాలు తక్కువ. చాలావరకు ఆయా ఆదివారపు ఖండాన్ని విడి ముక్కగా తీసుకుని, దాని నుంచి ఒక నీతి పిండి, ముగించేస్తాయి.

తోమా: నమ్మడం ఒక క్రియ

రెండో ఆదివారం మూడేళ్లలోను మారని సువిశేషం యోహాను 20:19-31. తలుపులు మూసుకుని కూర్చున్న శిష్యులు, వారం తరువాత తోమా. 2000లో రెండవ జాన్ పాల్ పోపు ఈ ఆదివారానికి దైవకరుణ ఆదివారమని పేరు పెట్టినప్పటి నుంచి ధ్యానాల మొగ్గు క్షమాపణ వైపు కొంత తిరిగింది. అయినా తోమా వదలడు. అతని పేరుకు సందేహి అన్న విశేషణం అతుక్కుపోయింది.

ఈ ఘట్టం మీద వెలువడిన ధ్యానాల్లో మహా గ్రెగరీ పోపు సువిశేష ప్రసంగాల్లోని 26వది ఇప్పటికీ మేటి. 6వ శతాబ్ది చివరి దశకంలో, వరదలు, మహమ్మారి, లొంబార్డుల దాడులు ఎదుర్కొన్న రోములో గ్రెగరీ ఈ 40 ప్రసంగాలు కూర్చాడు. తోమా ఆ రోజు లేకపోవడం యాదృచ్ఛికం కాదని అతని వాదం. నమ్మిన శిష్యుల విశ్వాసంకన్న తోమా అపనమ్మకమే మన విశ్వాసానికి ఎక్కువ మేలు చేసిందని, అతని వేలు గాయాన్ని తాకడం వల్ల మన సందేహపు గాయం మానిందని అతడు చెబుతాడు. అంతటితో ఆగక ఒక తర్కసమస్య లేవదీస్తాడు: విశ్వాసం కనబడనివాటికి సంబంధించినదైతే, చూసిన తోమాను నమ్మావని ఎందుకు అనాలి? తోమా చూసింది ఒకటి, నమ్మింది మరొకటి అని సమాధానం. చూసింది మనిషిని, ఒప్పుకున్నది దేవుణ్ణి. ఆ ప్రసంగంలో ఆ తరువాతి మలుపు మరీ ముఖ్యం. నమ్మినదాన్ని చేతలో పెట్టేవాడే నిజంగా నమ్మినవాడని గ్రెగరీ వెంటనే వినేవారి మీదికి మళ్లుతాడు. తోమా కథ విశ్వాసంలో మొదలై శిష్యత్వంలో ముగుస్తుంది. తరువాతి కాలపు ధ్యానాలు గ్రెగరీ నుంచి మొదటి వాక్యాన్ని అరువు తెచ్చుకుని, ఈ చివరి మలుపును వదిలేయడం తరచు కనిపిస్తుంది.

యోహాను భాష గ్రెగరీ పక్షానే ఉంది. గ్రీకు మూలంలో యోహాను సువిశేషం విశ్వాసం అన్న నామవాచకాన్ని ఒక్కసారి కూడ వాడదు. నమ్ము అన్న క్రియను మాత్రం వందకు దగ్గరగా వాడుతుంది. విశ్వాసం మనిషి దగ్గర ఉండే వస్తువు కాదు, మనిషి చేసే పని అన్నమాట. ఆ క్రియ తరచుగా గమనాన్ని సూచించే ఉపసర్గతో, ఒకరి లోపలికి లేక ఒకరి వైపుకు నమ్మడం అన్నట్టు వస్తుంది. తెలుగు అనువాదాలు దీన్ని సప్తమితో పట్టుకున్నాయి: ఒకరియందు విశ్వాసముంచడం. ఇక్కడ కొంత లాభం, కొంత నష్టం. యందు అన్న విభక్తి విశ్వాసానికి చోటును చూపింది. కాని ఉంచడం అనగానే అది మళ్లీ వస్తువైపోయింది, ఒకచోట పెట్టి రావచ్చు. అచ్చతెలుగు నమ్ము అన్న క్రియకు ఈ చిక్కు లేదు. నమ్మినబంటు అన్న జాతీయంలో నమ్మడం, సేవించడం విడదీయరానివి. విశ్వాసం అన్న సంస్కృత పదానికి కూడ తెలుగు జనవ్యవహారం ఒక అర్థం చేర్చింది. తిన్న ఇంటిమీద విశ్వాసం, కుక్కకున్న విశ్వాసం, విశ్వాసఘాతుకం అన్నప్పుడు అది మనసులోని అభిప్రాయం కాదు, నడతలోని నిలకడ. గ్రీకు పదంలో కూడ నమ్మకం, నమ్మదగినతనం అన్న రెండు ఛాయలూ ఉన్నాయి. తోమాతో చెప్పిన మాటలో ఆ రెండో ఛాయ వినిపించకపోదు. మతపరమైన తెలుగు మాత్రం విశ్వాసమంటే సిద్ధాంతాన్ని అంగీకరించడం అన్న సన్నని అర్థానికి పరిమితమైంది. ఊళ్లో మామూలు మనిషి వాడే విశ్వాసం గుడిలో వినిపించే విశ్వాసంకన్న యోహానుకు దగ్గరగా ఉంది.

అదే ఖండం చివరి వాక్యంలో గ్రీకు ప్రతుల మధ్య ఒక అక్షరం తేడా ఉంది. కొన్ని ప్రతుల ప్రకారం ఈ గ్రంథం రాసింది చదువరులు కొత్తగా నమ్మడానికి, మరికొన్నింటి ప్రకారం నమ్ముతూ ఉండడానికి. పాస్కా ధ్యానానికి రెండో పాఠమే సహజమైనది. వినేవారు ముందే జ్ఞానస్నానం పొందినవారు. తోమా సమస్య వారికి ఒక్కసారి తీరిపోయే సమస్య కాదు.

తోమాను సందేహి అన్న ఒక్క మాటకు కుదించడంలోని అన్యాయం ఎ సంవత్సరపు పఠనక్రమంలో బయటపడుతుంది. ఆ ఏడాది తపస్సుకాలపు ఐదో ఆదివారం లాజరు కథలో, తోటి శిష్యులు వెనకాడుతుంటే, వెళ్లి ఆయనతో చద్దామన్నవాడు తోమా. పాస్కా ఐదో ఆదివారం, మీరు పోయేచోటు తెలియనప్పుడు దారి ఎలా తెలుస్తుందని అడిగినవాడు కూడ తోమాయే. తెలియనిది తెలియదని చెప్పగల శిష్యుడు అతనొక్కడు. మూడు పఠనాలు కలిపి చదివితే ధైర్యం, పట్టుదల, ముక్కుసూటితనం ఉన్న ఒక పాత్ర రూపుకడుతుంది. రెండో ఆదివారాన్ని ఒంటరిగా చదివే ధ్యానాలు ఆ పాత్రను చంపుతాయి. వాటితోపాటు మొదటి పఠనాన్నీ చంపుతాయి. అదే రోజు అపోస్తలుల కార్యాల నుంచి, ఎ సంవత్సరంలో తొలి క్రైస్తవులు ఆస్తులమ్మి పంచుకున్న సంగతి, బి లో వారిలో అక్కరగలవాడు లేకపోయిన సంగతి చదువుతారు. తోమా ఒక వారం పాటు కోల్పోయింది ఆ సహవాసాన్ని. అతనికి దర్శనం దొరికింది తిరిగి వారి మధ్యకు వచ్చాకనే. ఆస్తి పంపకం గురించి మాట్లాడడం కన్న వేలు, గాయం గురించి మాట్లాడడం ప్రసంగకర్తకు సులువు కావచ్చు.

ఎమ్మావు: అభిజ్ఞానం తరువాత

ఎ సంవత్సరం మూడో ఆదివారం లూకా 24:13-35. యెరూషలేము విడిచి ఎమ్మావు పోతున్న ఇద్దరు, దారిలో కలిసిన అపరిచితుడు. కథన శిల్పం దృష్ట్యా సువిశేషాల్లో దీనికి సాటి తక్కువ. చదువరికి తెలిసింది పాత్రలకు తెలియదు. జరిగినదంతా జరిగినవాడికే వారు చెబుతారు.

భారతీయ అలంకారశాస్త్రం తెలిసినవారికి ఇది అభిజ్ఞాన కథ. కాళిదాసు శాకుంతలంలో గుర్తు ఉంగరం. అది దొరికాక స్మృతి, ఆపైన పునస్సమాగమం. పునరుత్థాన కథల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. మగ్దలా మరియకు పేరు పెట్టి పిలిచిన పిలుపు, తోమాకు గాయాలు, తిబెరియ సరస్సు ఒడ్డున వలనిండా చేపలు, ఎమ్మావులో రొట్టె విరవడం. అయితే ఎమ్మావు కథ అభిజ్ఞానానికి రావలసిన ఫలితాన్ని ఇవ్వదు. గుర్తుపట్టిన క్షణంలోనే గుర్తుపట్టబడినవాడు అదృశ్యమవుతాడు. సమాగమానికి బదులు ప్రయాణం మిగులుతుంది. వాళ్లు ఆ రాత్రివేళే లేచి యెరూషలేముకు తిరుగుముఖం పడతారు. ఆ తిరుగు ప్రయాణాన్ని ధ్యానించకుండా రొట్టె దగ్గర ఆగిపోయిన ధ్యానం కథను సగంలో వదిలినట్టే.

పాత ప్రసంగకర్తలు ఇక్కడ ఆగలేదు. అగస్టీను తన పాస్కా ప్రసంగాల్లో, అవిశ్వాసం పోగొట్టినదాన్ని ఆతిథ్యం తిరిగి ఇచ్చిందని అంటాడు. వాళ్లు అపరిచితుణ్ణి ఉండమని పట్టుబట్టకపోతే అతడు వెళ్లిపోయేవాడే. గ్రెగరీ 23వ ప్రసంగంలో మరింత గట్టిగా, దేవుని ఆజ్ఞలు వింటున్నప్పుడు కాక వాటిని చేస్తున్నప్పుడు వారి కళ్లు తెరుచుకున్నాయని చెబుతాడు. దారిపొడుగునా లేఖనవ్యాఖ్యానం విన్నారు, హృదయం మండింది, అయినా గుర్తుపట్టలేదు. ఇంటికి పిలిచి అన్నం పెట్టబోతే గుర్తుపట్టారు. వ్యాఖ్యానమే వృత్తిగా గల ప్రసంగకర్త తన వృత్తి పరిమితిని ఇలా ఒప్పుకోవడం గ్రెగరీ గొప్పతనం. అతిథి అన్న మాటకు మన సంప్రదాయం తిథి చూసుకోకుండా వచ్చేవాడని వ్యుత్పత్తి చెప్పింది. ఎమ్మావులో ఆ వచ్చినవాడే బల్ల దగ్గర యజమాని స్థానం తీసుకుని రొట్టె విరుస్తాడు. ఆతిథ్యం ఇచ్చినవారు ఆతిథ్యం పొందినవారవుతారు.

ఆధునిక ధ్యానాల్లో డచ్చి గురువు హెన్రీ నోవెన్ 1994లో ప్రచురించిన ఎమ్మావు ధ్యానగ్రంథం ‘విత్ బర్నింగ్ హార్ట్స్’ ఎక్కువగా చదివినది. ఈ కథలోని దశలనే దివ్యబలిపూజ దశలుగా చూపుతూ, పోగొట్టుకున్నదానికి ఏడవడంతో మొదలుపెట్టి లోకంలోకి వెళ్లడంతో ముగిస్తాడు నోవెన్. నిర్మాణం కథకు న్యాయం చేస్తుంది, తిరుగు ప్రయాణానికి చోటు దక్కింది. కాని అతని దృష్టి ప్రధానంగా మనిషి అంతరంగం మీద. లూకాలో ఆ ఇద్దరి దుఃఖానికి పేరు ఉంది. ఇశ్రాయేలును విడిపించేవాడు ఇతడేనని ఆశపడ్డామని వాళ్లు చెబుతారు. గ్రీకులో ఆ క్రియ కొనసాగిన గతాన్ని సూచిస్తుంది: ఆశపడుతూ వచ్చాం అని. అది ఒక జాతి విముక్తి గురించిన ఆశ, వ్యక్తిగత విషాదానికి లొంగేది కాదు.

తెలుగు నేలమీద ఈ ఖండాన్ని చదివేటప్పుడు ఆ క్రియారూపం బరువు పెరుగుతుంది. తెలుగు కతోలికుల్లో అధికసంఖ్యాకులు దళితులు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకు పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులైన దళితులకు నేటికీ వర్తించలేదు. మతం మారినా కులం వదలలేదని, గుడిలోను శ్మశానంలోను అది వెంట వచ్చిందని దళిత క్రైస్తవ సాహిత్యం చెబుతూనే ఉంది. ఆశపడుతూ వచ్చామన్న మాట ఆ వినేవారికి వ్యాఖ్యానం అక్కరలేని మాట. దాన్ని మనశ్శాంతి కరువైన ఆధునికుడి నిరాశగా మాత్రమే అనువదించే ధ్యానం, వినేవారి ఎదుట ఉండి వేరెవరితోనో మాట్లాడుతుంది. 2013 నాటి ‘ఎవాంజెలీ గౌదియుం’లో ఫ్రాన్సిస్ పోపు ప్రసంగకర్త లేఖనంతో పాటు ప్రజలను కూడ ధ్యానించాలని, ప్రసంగం క్లుప్తంగా ఉండాలని కోరాడు. రెండో సలహాకు దొరికినంత ప్రచారం మొదటిదానికి దొరకలేదు.

శిష్యురాలు

ఎమ్మావు ఇద్దరిలో ఒకరి పేరే లూకా చెప్పాడు, క్లెయోపా. రెండోవారు స్త్రీ కావచ్చునన్న ఊహ ఉంది, అది ఊహే. ఊహ అక్కరలేని స్త్రీలు ఈ కాలపు పఠనాల్లో ఉన్నారు. వారు ఎక్కడ ఉన్నారన్నదే ప్రశ్న.

పునరుత్థాన ఆదివారం ఉదయపు సువిశేషం యోహాను 20:1-9. మగ్దలా మరియ ఖాళీ సమాధి చూసి పరుగెత్తుతుంది, పేతురు, ప్రియశిష్యుడు పరుగున వస్తారు, చూస్తారు. అక్కడ పఠనం ఆగిపోతుంది. సమాధి బయట నిలబడి ఏడుస్తున్న మరియను పేరు పెట్టి పిలవడం, ఆమె గుర్తుపట్టి బోధకుడా అనడం, సోదరులకు చెప్పమని ఆమెను పంపడం 11 నుంచి 18 వచనాల్లో ఉన్నాయి. అవి అష్టకంలోని మంగళవారం వస్తాయి. మంగళవారం పూజకు వచ్చేవారెందరో ఏ విచారణ గురువైనా చెప్పగలడు. ఉత్థితుణ్ణి యోహాను కథలో మొదట చూసిన వ్యక్తి దర్శనం, మూడేళ్ల ఆవృత్తిలో ఒక్క పాస్కా ఆదివారపు పూజలో కూడ వినిపించదు. జాగరణ రాత్రి ఎ సంవత్సరంలో చదివే మత్తయి కథ స్త్రీలకు దర్శనమిచ్చినట్టు చెబుతుంది, నిజమే. కాని మూడు వచనాలకు లోపే ముగిసే ఆ సమాగమానికీ, మరియ సంభాషణకూ పోలిక లేదు. 2016లో రోము మగ్దలా మరియ స్మరణను అపోస్తలులతో సమంగా పండుగ స్థాయికి పెంచింది. జూలై 22న ఈ ఖండం చదువుతారు. ఆ తేదీ ఆదివారమైతే, మామూలుగా ఆ ఏడాది ఆదివారపు పూజే ముందుకు వస్తుంది.

తబిత సంగతి ఇంకా సూక్ష్మం. అపోస్తలుల కార్యాలు 9:36లో యొప్పేలో ఉన్న ఈ స్త్రీని లూకా శిష్యుడు అన్న పదానికి స్త్రీలింగరూపంతో పరిచయం చేస్తాడు. నూత్ననిబంధన మొత్తంలో ఆ రూపం వచ్చేది ఇక్కడొక్కచోటే. ఆమె బట్టలు కుట్టి పేద విధవరాండ్రకు ఇచ్చేది. ఆమె చనిపోతే వాళ్లు ఆ అంగీలు, వస్త్రాలు పేతురుకు చూపిస్తూ ఏడ్చారు. శిష్యత్వానికి ఇంత స్పష్టమైన సాక్ష్యం, గుడ్డరూపంలో చేతపట్టి చూపించగల సాక్ష్యం, గ్రంథంలో మరొకటి లేదు. పఠనక్రమం దీన్ని మూడో వారపు శనివారానికి ఇచ్చింది. లిదియ కథ ఆరో వారపు సోమవారానిది. శిష్యురాలు అన్న తెలుగు పదం మనకు సిద్ధంగా ఉంది, అది పలకడానికి ఆదివారమే లేదు. పఠనక్రమాన్ని కూర్చినవారి ఉద్దేశాన్ని ప్రశ్నించనక్కరలేదు. ఏ సంకలనమైనా ఎంపికే, ఎంపిక ఒక వ్యాఖ్యానమే. అది ఇచ్చిన ముక్కనే మొత్తమనుకునే ధ్యానకర్తలది అసలు లోపం.

పిలుపు, కాపరి, నిప్పుల కుంపటి

శిష్యుడు అన్న పదం శాస్ ధాతువు నుంచి వచ్చింది. శాస్త్రం, శాసనం దాని తోబుట్టువులు. శిష్యుడంటే శాసింపదగినవాడు. గ్రీకు మూలపదం నేర్చుకొను అన్న క్రియ నుంచి వచ్చింది. ఒకదానిలో గురువు చేసే పని, ఇంకొకదానిలో శిష్యుడు చేసే పని. పైగా మన సంప్రదాయంలో సమిధలు చేతపట్టుకుని గురువును వెదుక్కుంటూ పోయేది శిష్యుడు. బి సంవత్సరం ఆరో ఆదివారపు సువిశేషంలో ఎంచుకున్నది మీరు కాదు నేనని యేసు శిష్యులతో అంటాడు, దాసులనక స్నేహితులంటాడు. శాసింపదగినవాడు స్నేహితుడు కావడం తెలుగు పదం మోయలేని భావమేమీ కాదు. పోతులూరి వీరబ్రహ్మం, సిద్ధయ్యల కథ ఎరిగిన జనానికి గురుశిష్య బంధం మతాల గోడలు కూడ దాటుతుందని తెలుసు. పరమానందయ్య శిష్యుల కథలు విన్నవారికి మందమతులైన శిష్యులను భరించే గురువు కూడ తెలుసు. మార్కు చిత్రించిన పన్నిద్దరిని అర్థం చేసుకోవడానికి అది పనికిరాని ఉపమానం కాదు. అనుసరణకు ప్రొటెస్టెంటు అనువాద సంప్రదాయం వాడిన వెంబడించు అన్న క్రియ గతి వేరు. ఇప్పటి వార్తాపత్రికల్లో వెంబడించేది పోలీసులు.

పదం ఇముడ్చుకోగలిగినదాన్ని వాడుక కుదించిన తీరు నాలుగో ఆదివారం కనిపిస్తుంది. మంచి కాపరి అధ్యాయాన్ని మూడు ముక్కలు చేసి మూడేళ్లకు పంచారు. 1964లో ఆరవ పౌలు పోపు దైవపిలుపుల కోసం ప్రపంచ ప్రార్థనా దినం ప్రారంభించినప్పటి నుంచి ఆ రోజు ధ్యానాలన్నీ గురువులు, కన్యాస్త్రీలు కావలసిన యువతీయువకుల మీదికి పోతాయి. ఆ అవసరం కాదనలేనిది. కాని ఏడాదిలో పిలుపు అన్న మాట అతి బిగ్గరగా వినిపించే రోజున, అది గుడిలో కూర్చున్న నూటికి తొంభైతొమ్మిది మందిది కాదన్న భావం కలుగుతుంది. కాపరి స్వరం గుర్తుపట్టడం గొర్రెలన్నిటి లక్షణమని ఆ అధ్యాయం చెప్పింది. జ్ఞానస్నానం పొందిన ప్రతివ్యక్తీ పంపబడిన శిష్యుడేనని ఫ్రాన్సిస్ పోపు 2013 పత్రం 120వ పేరాలో చెప్పినది ఈ కుదింపుకు జవాబు. తెలుగు ధ్యానాలు ఆ జవాబును తమవి చేసుకోవాలంటే గురువు, శిష్యుడు, విశ్వాసి అన్న మూడు పదాల పొత్తును మళ్లీ ఆలోచించుకోవలసి ఉంటుంది.

సి సంవత్సరం మూడో ఆదివారం సరస్సు ఒడ్డు ఘట్టం. 153 చేపల లెక్కను 1 నుంచి 17 వరకు అంకెల మొత్తమని అగస్టీను విప్పాడు. ముచ్చటైన లెక్క, కథకు దాంతో పని తక్కువ. పని ఉన్నది నిప్పుల కుంపటితో. ఆ గ్రీకు పదం నూత్ననిబంధనలో రెండుచోట్లే ఉంది. ఒకటి పేతురు తన గురువును ఎరుగనని బొంకిన ముంగిట్లో, రెండోది ఇక్కడ. పేతురును ఆ వాసన మధ్యనే మూడుసార్లు అడుగుతాడు, ప్రేమిస్తున్నావా అని. మూలంలో ప్రేమకు రెండు వేర్వేరు క్రియలు వాడారని, తెలుగులో ఆ భేదం పోయిందని కొందరి విచారం. ‘దైవనగరం’ 14వ పుస్తకంలో అగస్టీనే ఈ రెంటికీ భేదం లేదని వాదించాడు. తెలుగు ప్రేమించు అన్న ఒక్క క్రియతో పోగొట్టుకున్నది పెద్దగా లేదు. కుంపటి పోతేనే కథ పోతుంది. రెండుచోట్లా ఒకే తెలుగు మాట పడేలా చూడవలసిన బాధ్యత అనువాదకులది.

ఆదివారపు ఖండం 19వ వచనంతో, అనుసరించమన్న పిలుపుతో ముగుస్తుంది. దాని తరువాత పేతురు వెనక్కి తిరిగి, ప్రియశిష్యుణ్ణి చూసి, మరి ఇతని సంగతేమిటని అడుగుతాడు. అతని సంగతితో నీకేమిటి, నువ్వు అనుసరించు అన్న అర్థంలో జవాబు వస్తుంది. ఈ ఖండం 20 నుంచి 25 వచనాలు, పెంతెకోస్తుకు ముందటి శనివారం ఉదయం, పాస్కా కాలపు చివరి మామూలు పూజలో చదువుతారు. అదే పూజలో మొదటి పఠనం అపోస్తలుల కార్యాల ముగింపు. కావలివాడి నిఘాలో ఉన్న పౌలు రోములో అద్దె ఇంట్లో రెండేళ్లు ఉండి, తన దగ్గరికి వచ్చినవారినందరినీ చేర్చుకుంటూ ఉంటాడు. లూకా గ్రంథానికి గ్రీకులో చివరి మాట ‘ఆటంకం లేకుండా’ అన్న అర్థమిచ్చే క్రియావిశేషణం. వాక్యం అక్కడ ఆగిపోతుంది, పౌలు ఏమయ్యాడో లూకా చెప్పడు.